పై వరుస చూసి దించిన మూడు వరుసలు

ఇది ఇంతకుముందు రాయలేకపోయాను. అక్షరాలు నాకు యాభై రెండో ఏట వచ్చాయి, అవీ చూసి రాయడం వరకే. సాతంరాయిలో మా చర్చి వెనక గదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక నేర్పేవారు. టీచరమ్మ ఒక వరుస రాసి ఇస్తే దాని కింద అదే వరుస పదిసార్లు దించాలి. మనసులో మాట కాగితం మీద పెట్టడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

అప్పుడు నేను విమానాశ్రయం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో ఊడ్చి తుడిచే పనిలో ఉన్నాను. కరివేపాకు, పచ్చిమిర్చి అక్కడినుంచి గల్ఫ్ విమానాలకు వెళ్లేవి. నాకు రాయడం వచ్చిందని తెలిసి మేనేజరు ఇంకో పని కలిపాడు. గంటకోసారి కంప్యూటర్ తెర చూసి రిజిస్టరులో ఒక వరుస రాయాలి.

ఆ తెర నల్లది. బొమ్మలుండవు, అక్షరాలే. ఆ ప్రోగ్రాం రాసినామె జల్‌పల్లి నుంచి వచ్చేది. ఆమె నాకు ఓపిగ్గా చెప్పింది. ఒక పెద్ద ప్రోగ్రాం చిన్న ప్రోగ్రాములను లేపి పనికి పంపుతుంది, అవి బతికున్నాయా అని చూస్తుంటుంది. చిన్నవాటిలో ఒకటి లేబుళ్లు అచ్చు వేస్తుంది, ఇంకొకటి గదిలో చల్లదనం ఎంతో కనుక్కుంటుంది. ఈ రెండోది నడుస్తోందా, ఎన్ని డిగ్రీలు, చివరిసారి ఎప్పుడు చూసింది అన్నవి తెర మీద ఉంటాయి. ఆ మూడూ నేను రాయాలి.

ఒకరోజు మధ్యాహ్నం గది తలుపు తీస్తే వెచ్చటి గాలి కొట్టింది. చల్లబరిచే యంత్రం ఎప్పుడో ఆగిపోయింది. కరివేపాకు కట్టలు వాడిపోయాయి. గాభరాలో ఎవరో కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టడంతో తెర మీద పాతది ఏమీ మిగల్లేదు. రిజిస్టరులో మాత్రం పదింటికి, పదకొండింటికి, పన్నెండింటికి నాలుగు డిగ్రీలని నా రాత ఉంది.

మేనేజరు దాన్ని ఆమె ముందు పెట్టాడు. గంటగంటకీ నీ ప్రోగ్రాం కొత్తగా చూసి తప్పు చెప్పిందన్నాడు. ఆమెను ఉంచాలో తీసేయాలో పొద్దున తేలుస్తానని వెళ్లిపోయాడు.

నేను గుడ్డ పిండుకుంటూ ఏమైందని ఆమెను అడిగాను.

"చిన్నది చావలేదక్కా, ఉన్నకాడనే బిగుసుకపోయింది. పెద్దది పానముందా లేదా అనే చూసింది, పని చేస్తుందా అని అడగలే. గది వెచ్చబడ్డది తెలవకపోవుడు నా తప్పే. కానీ గట్లయితే చివరిసారి చూసిన టైం గూడ ఆడనే ఆగిపోవాలె. నీ రిజిస్టర్ల ఆగలే. తెర మీద టైమే రాసినవా?"

"రాసిన," అన్నాను.

"నీ రాత మంచిగైందక్కా. నన్ను ఇరికించేంత మంచిగ."

నిజానికి ఆ మూడు వరుసలూ నేను తెర చూసి రాయలేదు. పై వరుస చూసి దించాను. టైం మాత్రం గోడ గడియారం చూసి వేశాను. మొదటి వారం తెర చూశాను. రోజూ అదే మాట, అదే నాలుగు. తర్వాత మానేశాను. చర్చి గదిలో పై వరుసలాగే ఉంటేనే మెచ్చుకునేవారు. ఈ సంగతి చెబితే నా పని పోవచ్చు, చెప్పకపోతే ఆమెది పోతుంది.

మర్నాడు పొద్దున మేనేజరు ఆమెను పిలిచినప్పుడు నేనూ లోపలికి వెళ్లాను. రిజిస్టరు తెరిచి ఆ వరుసల మీద వేలు పెట్టాను.

"సార్, గివి తెర చూసి రాయలే. పైనున్నది చూసి దించిన. టైం గోడ మీద గడియారంది."

ఆయన రిజిస్టరు తనవైపు తిప్పుకుని ఆ మూడు వరుసలూ మళ్లీ చదివాడు. నేను బకెట్ తీసుకుని గదిలోకి వెళ్లి, వాడిన కట్టలు ఎత్తడం మొదలుపెట్టాను.