గల్లాపెట్టె దగ్గర తెర

ఉదయం పదకొండుంబావుకు తిరుచానూరు రోడ్డులోని ఒక చీరల అంగడి నుంచి మా బ్యాంకుకు ఫోను వచ్చింది, కార్డు మిషను పనిచేయడం లేదని. అంగళ్లకు తీగ ఉన్న మిషన్లు ఇస్తున్న రోజులవి. తిరుపతిలో ఆ విభాగానికి వసుంధర గారు మేనేజరు. నేను ఆమె కింద ఆఫీసరును. ఇద్దరం వెళ్లాం.

మిషను బాగానే ఉంది.

"అట్ల సెప్తేనే గదా మీరు వచ్చేది," అన్నాడు గుమాస్తా. "ఈయమ్మ నంబరు సెప్పడంలేదు మేడం."

పిన్ నంబరును కార్డు ఎవరిదో వారే నొక్కాలన్నది నియమం. కానీ తీగ పొట్టిది. మిషను గల్లాపెట్టె ఉన్న ఎత్తు అరుగు మీద, గుమాస్తా కూర్చునే పరుపు పక్కనే ఉండేది. కొన్నవాళ్లు కిందనుంచి నంబరు చెప్పేవారు, అతను నొక్కేవాడు. అంగడంతా వినేది.

నంబరు చెప్పనన్న ఆమె పేరు రాజమ్మ. ఐరాల దగ్గర బడిలో వంట చేస్తుంది. భర్త లేడు. అంతకుముందు ఆమె జీతం బ్యాంకు నుంచి తెచ్చేది మరిది. అతను ఇచ్చిందే ఆమెకు దక్కేది. కార్డు తీసుకున్నది అందుకే. ఆ మరిది ఇప్పుడు పక్కనే ఉన్నాడు.

"ఇంట్లోవానికి కూడా సెప్పదంట. యాడన్నా ఉండాదా?" అన్నాడు.

"నీకు సెప్పొద్దనే గదప్పా బ్యాంకోళ్లు నాకిచ్చింది," అంది రాజమ్మ.

చీరలోంచి రవికె గుడ్డ అప్పటికే కత్తిరించారు. చీర వెనక్కి తీసుకునేది లేదన్నాడు గుమాస్తా.

నేను నియమం చెప్పబోయాను. వసుంధర గారు నన్ను ఆపి, గుమాస్తాను కాసేపు కిందికి దిగమన్నారు. ఆ పరుపు మీద యజమాని, అతను తప్ప ఎవరూ కూర్చోరు. అయినా దిగాడు. ఆమె రాజమ్మను ఎక్కించి, ఇద్దరు సేల్స్‌మెన్ చేత ఆ చీరనే అడ్డంగా పట్టించారు.

"ముహూర్తమైతే సెప్పండి మేడం, తెర దించేస్తాం," అన్నాడొకడు. మరిది తప్ప అందరూ నవ్వారు. వసుంధర గారు తానూ ముఖం తిప్పుకొని, నన్నూ తిప్పుకోమని సైగ చేశారు. కొంతసేపటికి రసీదు వచ్చిన చప్పుడైంది.

ఆ తర్వాత ఆమె పై ఆఫీసుతో పోరాడి అంగళ్లన్నింటికీ పొడుగు తీగలు తెప్పించారు. అవి వచ్చేదాకా ఆ అంగట్లో చీర అడ్డంగా పట్టుకుంటూనే ఉన్నారు.

నంబరు ఎవరికీ చెప్పవద్దని ఖాతాదారుకు చెప్పి ఊరుకుంటే చాలదని నాకు తెలిసింది అక్కడే. దాచుకోవడం రాజమ్మకు ముందే తెలుసు. దాచుకోవడానికి చోటు చూపించడం మా పని.

వసుంధర గారు పోయిన ఏడాది చనిపోయారు. పాకాలలో ఆమె కర్మకు వెళ్లి వస్తూ ఆ అంగడి దగ్గర ఆగి ఒక తువ్వాలు కొన్నాను. గుమాస్తా తీగలేని మిషను నా చేతికిచ్చి తల తిప్పుకున్నాడు. ఇప్పుడు అక్కడ ఎవరూ నంబరు అడగరు. చీర అడ్డం పట్టరు.