పూడ్చేసిన కిటికీ

ఇలా దగ్గరగా వచ్చి కూర్చో. నోట్లోంచి ఆ పెన్ను తియ్యి, సరిగ్గా విను. మధ్యలో ప్రశ్నలు వేశావంటే నేను ఎక్కడున్నానో మర్చిపోతాను, తర్వాత నన్ను అనకు. ఆ గోడలో ఒక్కచోట సున్నం వేరే రంగులో ఎందుకుందని చిన్నప్పటి నుంచీ అడుగుతున్నావు కదా? అక్కడ కిటికీ ఉండేది. అరకు సంతకి వెళ్లే కాలిబాటంతా అందులోంచి కనిపించేది. దాన్ని మేమే పూడ్చేశాం. ఎందుకో చెబుతాను, రాసుకో.

అప్పటికి నువ్వు పుట్టి నెల కూడా కాలేదు. పురుడు ఇక్కడే పోయాలని నేను అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఆ ఏడు వానలకి కొండరాళ్లు జారి పట్టాల మీద పడ్డాయి. రైళ్లు ఆగిపోయాయి, మీ అమ్మ తను కాపురముండే కిరండూల్‌లోనే ఉండిపోయింది. మనవరాలి మొహం చూడలేదని నేను రోజూ సణుగుతుంటే, మీ తాతయ్య ఒక పాత కంప్యూటరు పట్టుకొచ్చారు. అక్కడ మీ అమ్మ దగ్గర అప్పటికే అలాంటిదొకటుంది. ఫోను లైన్‌మాన్ వచ్చి మోడెం తగిలించాడు. మానిటరు నెత్తిన కోడిగుడ్డంత కెమెరా, దానికో ఎర్ర లైటు.

"మాటా, బొమ్మా రెండూ కలిపి పంపితే ఈ లైను మొయ్యలేదమ్మా," అన్నాడు. "మాట ఫోన్లో ఆడుకోండి. బొమ్మ ఇందులో సూసుకోండి."

మాట వెంటనే చేరేది. బొమ్మ మాత్రం ఆగి ఆగి వెనకాల వెళ్లేది. నేను చెయ్యి ఊపి, దించేసి, చీర కొంగు సర్దుకున్నాక, "ఇప్పుడూపుతున్నావమ్మా" అనేది మీ అమ్మ. అదో నవ్వులాటగా ఉండేది మాకు.

ప్లగ్గు ఉన్న గోడ ఇటుంది కాబట్టి నా వీపు కిటికీ వైపు ఉండేది. కెమెరాకి నా మొహం నల్లగా, వెనకాల కిటికీ తెల్లగా పడేవట. ఒక మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్లో, "అమ్మా, నీ ఎనకాల కిటికీ కాడ ఎవులో నిల్సున్నారు, ఎవులే?" అంది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. తడిసిన బాట ఉందంతే.

రెండు రోజులాగి మళ్లీ. "అదే మనిసమ్మా. పచ్చ తువ్వాలు."

ఈసారి లేచి బయటికి వెళ్లాను. కిటికీ కింద బురదలో రెండు పాదాల గుర్తులు. వేళ్లు మన గోడ వైపే ఉన్నాయి.

మన గుమ్మంలోకి విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చే ఒకామె ఉండేది. ఆమె రావడం మానేసింది, గెడ్డ వాగు పక్కనుంచి చుట్టూ తిరిగి సంతకి పోతోందని తెలిసింది. సంతలో పట్టుకున్నాను.

"ఏటే, మా గుమ్మం మర్సిపోయావేటి?"

ఆకుల కట్ట మీంచి తల ఎత్తలేదు. "మీ ఇంట్లో కెమెరా కన్నెట్టారంట గదా. సంతకొచ్చినోల బొమ్మలన్నీ తీసి పోలీసోలకి పంపుతాదంట. నాకూ పిల్లలున్నారమ్మా."

ఇన్ఫార్మర్ అన్న మాట ఒకసారి ఎవరి మీదైనా పడిందంటే ఆ రోజుల్లో ఇక తుడుచుకోవడం ఉండేది కాదు. అంతకు ముందు నెలే, ఫోన్ బూత్ నడిపే ఆయన్ని నక్సలైట్లు మాట్లాడాలని అడవిలోకి పిలుచుకుపోయారు. ఆ షట్టరు మళ్లీ లేవలేదు.

కెమెరా పీకేద్దామన్నాను. మీ తాతయ్య ఒప్పుకోలేదు. "ఇప్పుడు పీకితే నిజంగానే తప్పు సేసినట్టుంటాది. ఉండనీ. ఎవులొచ్చినా సూపించు" అన్నారు.

మర్నాడు మీ తాతయ్య తోటకి వెళ్లాక వచ్చాడతను. పచ్చ తువ్వాలు. చెప్పులు గుమ్మంలో విడిచి, నేరుగా వచ్చి కంప్యూటరు ముందున్న నా కుర్చీలో కూర్చున్నాడు.

"అది సూపించమ్మా. ఫోను గట్టిగా ఇనపడేలా పెట్టు."

మీ అమ్మకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. కంప్యూటర్లో మీ ఇద్దరి బొమ్మ వచ్చింది. వచ్చి అలాగే బిగుసుకుపోయింది. అతను చాలాసేపు చూశాడు.

"ఇది ఫోటో. నీ కూతురైతే కదల్దేటి?"

"లైను బాగోదు బాబూ, వానకి..."

"అయితే కదిలించు."

లైన్‌మాన్ చెప్పినవన్నీ గుర్తు చేసుకున్నాను. మోడెం ప్లగ్గు పీకాను. ఇరవై అంకెలు లెక్కపెట్టాను. మళ్లీ పెట్టాను. మూడో లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంది, అది నిలిస్తేనే లైను వచ్చినట్టు. బయట వాన పెరిగింది. అతను కంప్యూటరుని కాదు, నా వేళ్లని చూస్తున్నాడు. ఫోన్లో మీ అమ్మకేం తెలుసు, "ఏటి సేత్తన్నావే, బేగి రా, గుంట లేసింది" అంటోంది. గుంటంటే నువ్వే.

లైటు నిలిచింది. తేలిగ్గా వస్తుందని బొమ్మని అగ్గిపెట్టంత చేసి మళ్లీ నొక్కాను. అప్పుడు నువ్వు ఆవలించావు. గుడ్డలోంచి పిడికిలి ఒకటి బయటికొచ్చింది.

అతను ముందుకి వంగాడు. "ఎన్నాలైంది?"

"ఇరవై రోజులు బాబూ."

అతను లేచి, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు. అప్పుడు స్పీకర్లోంచి మీ అమ్మ, "అమ్మా, నీ కుర్సీలో ఆ పచ్చ తువ్వాలాయన కూకున్నాడేటి?"

అతను ఆగి, వెనక్కి తిరిగాడు. ఖాళీ కుర్చీని చూశాడు, కెమెరాని చూశాడు.

"నేనిక్కడున్నాను గదా."

"బొమ్మ ఆలస్యంగా ఎల్తాది బాబూ."

"అంటే ఎల్లింది."

అతను ఫోను వైపు వేలు చూపించాడు.

"ఆయమ్మ దాసుకుంటాదా?"

"లేదు బాబూ. ఎల్లింది ఎల్లినట్టే పోతాది" అన్నాను. నాకు తెలియదమ్మా. దాచుకోవచ్చో లేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కిటికీ వైపు గడ్డం చూపించి, "దాన్ని మూసెయ్యండి" అన్నాడు. చెప్పులు వేసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మీ తాతయ్య ఇటుకలు తెప్పించారు. కెమెరా తీసి బియ్యం డబ్బా అడుగున పడేశాను. ఎన్నాళ్లో, బాట మీద అడుగుల చప్పుడైతే చాలు నా చేతిలో పని ఆగిపోయేది. అతను మళ్లీ రాలేదు. అడ్డాకుల ఆమె వచ్చింది.

వానలు వెలిశాక రైళ్లు నడిచాయి, నిన్నెత్తుకుని మీ అమ్మ వచ్చింది. నీకు నూనె రాస్తూ మాటల్లో అంది, "అమ్మా, నీ కుర్సీలో కూకున్నాయన బొమ్మొకటి దాసేనే, నీకు సూపిద్దారని." నూనె గిన్నె కింద పెట్టి, తీసెయ్యమన్నాను. తీసేత్తాన్లే అంది. తీసిందని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు.

మీ అమ్మ కిరండూల్ నుంచి తెచ్చి పడేసిన ఆ పాత కంప్యూటరు మొన్న నువ్వు అటక మీంచి దించావు చూడు, ఏముందో చూద్దామని. అందుకే ఇదంతా చెబుతున్నాను. నా కుర్చీలో పచ్చ తువ్వాలాయన కనిపిస్తే నీ ఫోన్లోకి ఎక్కించకు. ఎవరికీ చూపించకు. ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో కూడా...

"అమ్మా! ఆ గుంటనొగ్గీసి బేగి రా, అన్నం సల్లారిపోతంది!"

అదిగో మీ అమ్మ. వస్తున్నానే! ఇది విను, ఆ పెట్టె నువ్వు ముట్టుకోకు, ముందు నేను మీ అమ్మని కూర్చోబెట్టి ఆ బొమ్మ తీసిందో లేదో అడగాలి.