టైపు అత్తయ్య వేళ్ళు

కోర్టు పక్క సందులో అర్జీలు టైపు చేసే ఆవిడను అందరూ టైపు అత్తయ్య అంటారు. కుర్చీలో కూర్చోగానే చేతి గడియారం తీసి పక్కన పెడుతుంది, మెటికలు విరుచుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది. ఇక పని వేళ్ళది. ఏ అక్షరం ఎక్కడుందని అడిగితే మాత్రం చెప్పలేదు. గాలిలో కొట్టి చూసుకోవాలి. పాత కంప్యూటరు మూలపడితే కొత్తది కొనడానికి వెళ్ళి, షాపులోనూ అలాగే కళ్ళు మూసుకుని ఓ అర్జీ టకటకా కొట్టేసింది. తెరిచి చూస్తే తెర నిండా అర్థంపర్థం లేని అక్షరాలు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

"ఇందులో అక్షరాల చోట్లు వేరమ్మా. కొత్తగా నేర్చుకోవాలి" అన్నాడు షాపతను.

"ఈ వయసులో వేళ్ళకు ఓనమాలు దిద్దించమంటావా నాయనా? అందాకా నా ఇల్లెలా గడుస్తుంది?" అంది ఆవిడ. అతను స్టూలు లాక్కుని, అదే కంప్యూటరులో ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఆవిడ వేళ్ళకు అలవాటైన పాత టైపుమిషను అమరిక దొరికింది. ఆవిడ మళ్ళీ కొట్టింది. ఒక్క అక్షరం తప్పుపోలేదు.

"ఇదే ఉంచు" అంది. కృతజ్ఞత చెప్పే పని వేళ్ళకు వదిలి, కీబోర్డు మీదికే వంగింది: 'అయ్యా, తమరు చేసిన మేలుకు సదా కృతజ్ఞురాలిని. ఇట్లు, తమ విధేయురాలు.'

అతను చదివి సిగ్గుపడిపోయాడు. "నాకే అర్జీ పెట్టేశారేంటమ్మా!"

"మరి మంజూరు చేసింది నువ్వేగా" అంది అత్తయ్య.