గుమ్మం మీది పాత నంబరు

మా ఇంటి తలుపుకు మున్సిపాలిటీ నోటీసు అంటించిన పొద్దున నేను పప్పుకు పోపు పెడుతున్నాను. వీధి మురుగు పారే మోరీలో చెత్త పోసినందుకు జరిమానా అట. పదిహేను రోజుల్లో కట్టకపోతే ముందు గదిలో నడుపుతున్న కర్రీ పాయింట్‌కు ట్రేడ్ లైసెన్సు మళ్లీ ఇవ్వరట. చదవగానే ఒళ్లు మండింది. తడి చెత్త ఒక బకెట్లో, పొడి చెత్త ఇంకో బకెట్లో పెట్టి పొద్దున్నే చెత్త ఆటోకు నా చేత్తో అందించే మనిషిని నేను. ఆటో ఒక్కరోజు రాకపోతే డ్రైవర్‌కు ఫోన్ చేసి కడిగేసేదీ నేనే. అత్తమ్మ మందులు, మా అమ్మాయి కాలేజీ, అన్నీ ఆ కూరల మీదే నడుస్తున్నాయి. దుకాణం మూతపడితే మాకు ఇంకో దారి లేదు.

ఎదురింట్లో ఉండే, చెరుకు రసం బండి నడిపే అక్క వచ్చి నోటీసు చూసింది. నేను కూరలు మొదలుపెట్టినప్పుడు తన గ్యాస్ పొయ్యి తెచ్చి ఇచ్చింది ఈమే.

“ఎవరన్న లీడర్‌తోటి ఫోన్ కొట్టియ్యరాదు చెల్లె, అయిపోతది” అంది.

మా వీధిలో ఏ జరిమానాకైనా అదే మందు. కానీ ఫోన్‌తో వసూలు ఆగుతుందేమో, కాగితం మీద తప్పు నాదిగానే మిగులుతుంది. చేయని తప్పుకు మాఫీ అడగనని చెప్పాను. ఆమె నోటీసు నా చేతికిచ్చి బండి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు గార్ల ఊరి నుంచి వచ్చిన వంకాయలు తరుగుతూ నోటీసును మళ్లీ చదివాను. అందులో పేరు లేదు, ఇంటి నంబరు మాత్రమే ఉంది. అది మా పన్ను రసీదు మీది నంబరు కాదు. ఎప్పుడో మారిపోయిన పాత నంబరు, కానీ మా గుమ్మం మీద మాత్రం ఎర్ర రంగులో శుభ్రంగా ఉంది! అంతా అత్తమ్మ చలవ. సర్కారు వాళ్లు ఏ లెక్కకు వచ్చి ఏ నంబరు రాసినా ఆవిడ చెరపనివ్వదు. జనాభా లెక్కలవి, ఇంటింటి సర్వేవి, దోమల మందు వాళ్లవి, అన్నీ పదిలం. సున్నం వేసేవాడు కూడా వాటి చుట్టూ బ్రష్ తిప్పాల్సిందే.

“సర్కారోళ్ల రాత తుడిస్తె పింఛన్ బందైతది” అంటుంది అత్తమ్మ.

ఆ మాటకొస్తే మా వీధిలో సగం గుమ్మాలు అలాంటివే. నోటీసు తెచ్చిన మనిషి ఆ పాత నంబరు చూసి ఇదే ఇల్లనుకున్నాడు.

మూడో రోజు పన్ను రసీదు, కరెంటు బిల్లు, గుమ్మం ఫోటో పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాను.

“కట్టేస్తె పోతది కదమ్మా, గింత దానికి ఎందుకు పరేషాన్?” అన్నాడు గుమస్తా.

“గింతదే సారూ, కని నాది కాదు. నాది కాదని రాసియ్యుండ్రి, పోత.”

మధ్యాహ్నం గిరాకీ పోయింది. వండిన కూరలు ఇంట్లోనే ఉండిపోయాయి. అయినా బల్ల మీద నుంచి లేవలేదు. నాలుగింటికి ఆయన విసిగిపోయి రిజిస్టరు తీయించాడు. ఇళ్ల నంబర్లు మార్చినప్పుడు మా పాత నంబరు ఎదురింటికి ఇచ్చారట. అంటే చెరుకు రసం అక్క ఇంటికి. నోటీసులో రాసిన చెత్త ఆమె పోసిన చెరుకు పిప్పి.

“మీది కొట్టేస్తం. రేపు నోటీసు గా ఇంటికి పంపుతం” అన్నాడు.

గెలిచాను. కానీ ఆ నోటీసు పోయేది నాకు పొయ్యి ఇచ్చిన అక్క ఇంటికి. ఆఫీసు వాళ్ల కంటే ముందు నేనే చెప్పాలని నేరుగా అక్క దగ్గరికి పోయాను. ఆమె రసం మిషన్ కడుగుతోంది. జరిగింది చెప్పాను. తలెత్తలేదు.

“నాకు ఎర్కే చెల్లె. నోటీసు చూసిన్నాడే నంబర్ గుర్తువట్టిన.”

“మరెందుకు చెప్పలే?”

“ఇంకెవలకన్న వస్తె నేనే ఒప్పుకుందు. నువ్వు గట్టిదానివి, ఎట్లన్న గట్టెక్కుతవని ఊకున్న.”

గట్టిదానివని నన్ను చాలామంది అన్నారు. ఇన్నాళ్లూ అది మెచ్చుకోలనుకున్నాను. ఆ సాయంత్రం మొదటిసారి ఆ మాట నొప్పి పెట్టింది. గట్టిదైతే నెత్తిన ఏది పెట్టినా మోస్తుందనా? ఆమె ముందే ఏడ్చాను, దాచుకోలేదు. తర్వాత కొంగుతో మొహం తుడుచుకున్నాను.

“నీ జరిమానా నువ్వే కట్టాలె అక్కా. ఎవరికీ ఫోన్ కొట్టియ్యకు. పొద్దుగాల మోరీల పిప్పి ఇద్దరం కలిసి తీద్దాం” అన్నాను.

తెల్లవారి పార పట్టుకుని వెళ్లేసరికి అక్క చీర కుచ్చిళ్లు దోపుకుని మోరీలో దిగి ఉంది. అప్పటికే సగం పిప్పి ఒడ్డున కుప్ప పడింది. నేను పార దించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“గిది నేను జేసింది, నేనే తీస్త. నువ్వు పోయి దుకాణం తెరువు చెల్లె.”