పసుపు రాయని గడప

భాలుబాసా బస్తీలో అద్దెగది ఏది ఖాళీ అయినా సింహాచలమ్మకే కబురొస్తుంది. కుచ్చిళ్లు ఎగదోపుకుని, గోడల మసి గోకి, సున్నం వేసి, చివర్న గడపకు పసుపు రాసి వెళ్లిపోతుంది. జానకీదేవిగారి ఇంటి వెనక గదికి మాత్రం పసుపు రాయలేదు. "శుభ్రం చేసుకో, ఇది నీకే ఇస్తాను" అన్నారావిడ. అందుకే పొయ్యికి మూల చూసుకుంది, దేవుడి పటానికి మేకు కొట్టుకుంది. చేరదామని సామాను మోసుకుంటూ వచ్చిన పొద్దున్నే, లోపల ఓ కొత్త జంట నిలబడి ఉంది. "చూడండి, పటానికి మేకు కూడా ఉంది" అని జానకీదేవి చూపిస్తున్నారు.

"అమ్మగోరూ, నాకిత్తానన్నారు గదేటి?"

"వీళ్లు ఇంజనీర్లాయె, కాదనలేకపోయాను. గడపకు పసుపు రాసెయ్, పాలు పొంగించుకుంటారు."

సామాను వాకిట్లో దించి, తనకోసం కొంగున ముడేసి తెచ్చుకున్న పసుపు విప్పింది సింహాచలమ్మ.