గీత కింద రాయవలసిన మాట

చిత్తూరు పొలిమేర చేరగానే బస్సు కిటికీలోంచి పండిన మామిడి వాసన గుప్పున కొట్టింది. జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. కింద పడిన కాయలు చక్రాల కింద నలిగి, తీపీ పులుపూ కలిసిన వాసన బస్సంతా నిండింది. పక్క సీటాయన ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం ఊపిరి గట్టిగా పీల్చుకుని, ఎవరో చూస్తున్నట్టు తల దించుకున్నాను. జబ్బార్ సాహెబ్‌గారి కాగితాలకు ఈ వాసన ఉండేది. ఆయన ఇల్లు ఆ ఫ్యాక్టరీ వెనక సందులోనే. ఎండాకాలంలో ఆయన రాసిన పేజీలను తిరుపతిలో ప్రెస్సు బల్ల మీద పరిస్తే, సిరా వాసనను దాటుకుని మామిడి వాసన వచ్చేది.

ఆయనను ఎరగనివారికి ముందుగా చెప్పాలి. సాహెబ్‌గారు మునిసిపల్ బడిలో ఉర్దూ చెప్పి రిటైరైన మనిషి. ఖురానుకు తెలుగులో వ్యాఖ్యానం రాశారు. ఉపవాసం గురించి, ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి చిన్న పుస్తకాలు రాశారు. పిల్లల కోసం ప్రవక్తల కథలు రాశారు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ని. మా ఊళ్లో సాహిత్య సభలకు వచ్చే నలుగురిని అడిగి చూడండి, ఆ వ్యాఖ్యానం నిజానికి రాసింది నేనేనని ముగ్గురు చెబుతారు. అది అబద్ధం. ఆ మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. ఇన్నేళ్లూ ఆ రెండింటి మధ్య హాయిగా బతికాను.

ఇరవై ఏళ్లు దాటింది. అప్పట్లో నాకు కాలేజీ జీతం చాలక, సాయంత్రాలు మునిరత్నం ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. సాహెబ్‌గారు శనివారాలు చిత్తూరు బస్సులో వచ్చేవారు. గుడ్డసంచీలో కాగితాలు, వాటి మీద చిన్న టవలు, పక్కన నీళ్ల సీసా. పేజీ ముట్టుకునే ముందు బయట కుళాయి దగ్గర చేతులూ మొహమూ కడుక్కుని వచ్చేవారు. ఆయన రాసిన ప్రతి పేజీకీ మధ్యలో స్కేలు పెట్టి కొట్టిన గీత ఒకటి ఉండేది. గీత పైన అరబీ వాక్యం, దాని తెలుగు. గీత కింద ఆయన వ్యాఖ్యానం. ఆ గీత ఎందుకని మొదటి వారమే అడిగాను.

"పైన ఉండేది దేవుడి మాట సార్. దాంట్లో నేను ఒక్క అక్షరం కలపను. కింద ఉండేది మనిషి మాట. తప్పంటూ ఉంటే కిందే ఉండాల" అన్నారు.

ఆ కింద కూడా ఏ మాట ఎవరిదో చెప్పనిదే ఆయన కలం కదిలేది కాదు. ఇది ఫలానా పాత పండితుడి అభిప్రాయం, ఇది నాకు చదువు చెప్పిన గురువు మాట, ఇది పుంగనూరు సంతలో ఒక ఎద్దుల బేరగాడు అన్నది అని రాసేవారు. ఎద్దుల బేరగాడి పేరు కూడా. నాకు నవ్వొచ్చేది. ప్రెస్సులో చెడిపోయిన షీట్లను కూడా ఆయన వదిలేవారు కాదు. ఒకసారి మునిరత్నం ఉండబట్టలేక అడిగాడు.

"ఏం సాహెబ్‌గారూ, చెత్త కాగితాలు గూడా మోసకపోతా ఉండారే? ఇంటికాడ పొయ్యిలోకా?"

"చెత్త కాదప్పా, వాక్యం ఉండాది దీని మీద. నువ్వు అమ్మితే రేపు బజ్జీలు చుడతారు. మా మసీదు పాత బాయిలో నీళ్లుండాయి, దాంట్లో విడిచిపెడతాను."

"అట్లయితే నా మిషను గూడా విడిచిపెట్టండి, శని వదిలిపోతుంది" అని మునిరత్నం నవ్వాడు. సాహెబ్‌గారు కూడా నవ్వుతూనే షీట్లు మడత పడకుండా చుట్టి సంచీలో పెట్టుకున్నారు. మాట అచ్చయిన కాగితాన్ని అంత పదిలంగా మోసే మనిషి ఎదురుగా కూర్చుని, మాట చెప్పిన మనిషిని నేను ఎంత సులువుగా కొట్టేశానో ఇప్పుడు చెప్పాలి.

దేవుడి దయ గురించిన చోట ఆయన వ్యాఖ్యానం ఆపకుండా చదివించేది. దయ అనే అర్థమిచ్చే ఆ అరబీ మాటకూ, తల్లి గర్భం అనే మాటకూ వేరు ఒకటేనని వివరించి, కింద ఇలా రాశారు: 'మా అమ్మ అనేది, దీన్నే కడుపు తీపి అంటారని.' నేను ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 'వాత్సల్యం' అని రాశాను. తరువాతి శనివారం ఆయన ఆ పేజీ దగ్గర ఆగిపోయారు.

"అమ్మను ఎందుకు తీసేసినారు సార్?"

"ఇది శాస్త్ర గ్రంథం సాహెబ్‌గారూ. ఇంటి సంగతులుంటే పండితులు నవ్వుతారు."

"నవ్వనీండి. నవ్వినారంటే చదివినారనే కదా" అన్నారు. నా ఎర్ర సిరా మాట మీద వేలు పెట్టి, "వాత్సల్యం అంటే మీకు తెలుసు, నాకు తెలుసు. మునిరత్నానికి తెలీదు" అన్నారు.

మిషను దగ్గర నుంచి మునిరత్నం అరిచాడు. "యాల తెలీదు? మా మేనత్త కూతురి పేరు వత్సల! దాని నోటికి జడిసి ఊరు వదిలి వచ్చినాను!"

అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే నేను రాజీ బేరం పెట్టాను. కడుపు తీపి ఉంచుదాం, అమ్మ మాత్రం వద్దు. దేవుడి వాక్యం విషయంలో కొండలాగా నిలబడే మనిషి, సొంత మాట దగ్గరికి వచ్చేసరికి మెత్తబడేవారు. "భాష మీది సార్. మీ ఇష్టం" అన్నారు. అలా 'మా అమ్మ అనేది' పోయింది. ఆ మొత్తం గ్రంథంలో ఎవరిదో చెప్పకుండా వదిలిన మాట ఆ కడుపు తీపి ఒక్కటే.

నేను చేసిన దిద్దుబాటు నిజంగా ఎంత? అక్షరదోషాలు, కామాలు, ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట ఒకటి తీసివేయడం. అంతకు మించి ఏమీ లేదు. వాక్యం నడక ఆయనది, పోలికలు ఆయనవి, పలుకు ఆయనది. అయినా పుస్తకానికి ముందుమాట రాయమని ఆయన అడిగినప్పుడు నేను రాసింది వేరు. 'మాతృభాష ఉర్దూ అయినప్పటికీ తెలుగులో రచన చేసే సాహసానికి పూనుకున్నారు. వారి భాషను తీర్చిదిద్దే భాగ్యం నాకు కలిగింది.' ఆ రోజు అది ప్రశంసే అనుకున్నాను.

ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ 'అయినప్పటికీ' ఒకటి ఉండాదే సార్. నేను పుట్టింది పుంగనూరు పక్కన పల్లె. నేను ఇంకా యాడ పుట్టి ఉంటే ఈ 'అయినప్పటికీ' రాయకుండా ఉందురో చెప్పండి."

నేను తడబడి, మార్చి రాసిస్తానన్నాను. "వద్దులే సార్. మీకు తోచింది మీరు రాసినారు. ఇంకొకరి మాట దిద్దే హక్కు నాకు లేదు" అని, ఒక్క అక్షరం మార్చకుండా అచ్చు వేయించారు. మార్చమని ఆయన ఒక్కమాట అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ నా మనసు గొణుగుతుంది. తప్పు నాదైతే, దాన్ని ఆపే పని కూడా ఆయనదే కావాలా?

ఆవిష్కరణ సభ తిరుపతిలోనే జరిగింది. వేదిక మీద నేనున్నాను. సాహెబ్‌గారు తనకు వేసిన కుర్చీ ఎవరో పెద్దమనిషికి ఇచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఒక రిటైరైన ప్రొఫెసరు నా ముందుమాట మాత్రమే చదివి వచ్చినట్టున్నాడు. దయ గురించిన పేజీ తెరిచి, గొంతు పెంచాడు. "కడుపు తీపి! ఆహా! ఇది మన లెక్చరరు గారి కలం. ఈ పలుకుబడి ఆ సాహెబ్‌గారికి ఎట్లా వస్తుంది చెప్పండి?" హాలంతా చప్పట్లు. నేను అప్పుడు లేచి నిలబడ్డాను. కాదని చెప్పడానికే లేచానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. లేచి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ముందు వరసలో సాహెబ్‌గారు కూడా చప్పట్లు కొడుతున్నారు.

సభ అయ్యాక ఆయనతో కలిసి బస్టాండుకు నడిచాను. క్షమాపణ చెప్పాలనే వెళ్లాను, కానీ దారి పొడుగునా సభకు వచ్చిన జనం గురించే మాట్లాడాను. చిత్తూరు బస్సు వచ్చింది. ఎక్కే ముందు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు.

"ఆ కడుపు తీపి మాట మీదని సభలో ఆ ప్రొఫెసరు చెప్పినారు కదా, సార్. కాదు, నాదని నేనూ చెప్పలేను. మా అమ్మ గాజుల మలారం భుజానేసుకుని పల్లెలన్నీ తిరిగేది. నా తమ్ముడు పసిబిడ్డప్పుడే పోయినాడు. అయినా వాడి ఈడు బిడ్డ ఎవరు కనబడినా ఊరికే గాజులు తొడిగి వచ్చేది. నాయన తిడితే, 'ఏం చేసేదయ్యా, కడుపు తీపి' అనేది. ఆ అరబీ మాటకు అర్థం నేను మదరసాలో నేర్చుకోలేదు సార్, ఆమె కాడ నేర్చుకున్నాను."

బస్సు కదిలింది. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి సర్దుకునేవాణ్ణి.

ఆ తరువాత సభలకు పిలుపులు పెరిగాయి. విద్యార్థులు నాకు 'ఖురాను సారు' అని పేరు పెట్టారు. సాహెబ్‌గారు రాసిన మిగతా పుస్తకాలేవీ నా దగ్గరికి రాలేదు. సార్‌కు పని ఎక్కువైంది, ఇబ్బంది పెట్టకూడదని మునిరత్నంతో అన్నారట. ఆ పుస్తకాలు నేను కొనుక్కుని చదివాను. అదే నడక, అదే పలుకు. చదివిన ఎవరికైనా అసలు రచయిత ఎవరో తెలిసిపోతుంది. మా సభల వాళ్లు మాత్రం చదవకుండానే, "మీ చెయ్యి పడలేదు కదా, ఆ పస లేదు" అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. సభలో చప్పట్లకు పెట్టిన దండం కన్నా, ఆ తల ఊపడమే నన్ను ఎక్కువగా కాలుస్తుంది. ఆయన పోయారని తెలిసిన రోజు కాలేజీలో పరీక్షలని చెప్పుకుని చిత్తూరు వెళ్లలేదు.

ఇప్పుడు ఆయన కూతురు షమీమ్ ఫోను చేస్తే వెళ్లాను. ఆమె కూడా టీచరే. వ్యాఖ్యానం మళ్లీ అచ్చు వేయిస్తోంది. ఆ ఇంటి ముందుగదిలో, ఫ్యాక్టరీ వాసన మధ్య, నా ముందుమాట ప్రూఫు నా చేతికిచ్చింది.

"ఇది తీసెయ్యమ్మా" అన్నాను.

"తీసేస్తే అబ్బాజాన్ ఒప్పుకోరు సార్. ఇంకొకరి మాట తీసే హక్కు లేదనేవారు కదా." నా మొహంలోకి చూస్తూ అంది. "నా పెళ్లయిన కొత్తలో మా మామ ఏమనేవారో తెలుసా? 'మీ నాయన అట్ట కట్టినాడు, లోపలంతా తిరుపతి అయ్యోరు రాసినాడంట కదా' అని. ఇంటికొచ్చి ఏడిస్తే అబ్బాజాన్ నవ్వి, 'అట్ట బాగుండాదా?' అని అడిగినారు."

అప్పుడు నేను దయ గురించిన పేజీ అడిగాను. ఇక్కడ ఒక మాట పోయింది, మళ్లీ చేర్చాలన్నాను. ఏ మాటని అడిగింది. 'మా అమ్మ అనేది' అని చెప్పాను.

"ఎవరమ్మ? అబ్బాజాన్ వాళ్లమ్మా, మా దాదీమానా?" ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. "మీకెట్లా తెలుసు సార్?"

ప్రెస్సు సంగతీ, సభ సంగతీ, బస్టాండు సంగతీ మొత్తం చెప్పాను. బయట ట్రాక్టరు ఒకటి రివర్సు వస్తూ మోత పెడుతోంది.

"ఇన్నేళ్లూ తెలిసే ఊరికుండినారా సార్?"

ఆమె ప్రూఫు నా వైపు జరిపి, కలం మూత తీసి పక్కన పెట్టింది.

"మీ చేత్తోనే రాయండి. కొట్టేసింది మీరే కదా."

రాశాను. తరువాత నా ముందుమాటను యథాతథంగా ఉంచి, దాని అడుగున స్కేలు పెట్టి గీత కొట్టాను. ఆ గీత కింద, పైనున్నది అబద్ధమనీ, ఈ గ్రంథంలో అక్షరదోషాలు దిద్దడం తప్ప నాదంటూ ఏదీ లేదనీ రాసి సంతకం పెట్టాను. షమీమ్ చదువుకుని, తల ఎత్తకుండా, కాగితాన్ని ప్రెస్సుకు పంపే కాగితాల సంచీలో పెట్టుకుంది. ఆమె నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

పిల్లల వ్యాసాలు ఇప్పటికీ దిద్దుతూనే ఉన్నాను. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కడో ఒకచోట 'మా అమ్మ అనేది', 'మా అవ్వ చెప్పింది' అని రాస్తారు. అక్కడికి వచ్చేసరికి ఎర్ర కలం ఆగిపోతుంది. ఆ మాటను అలాగే వదిలి, పేజీ తిప్పుతాను.