మళ్ళీ చెప్పు

ఫౌజియాకి అరుదైన ఖనిజాల సంగతి తెలిసినంతగా పక్కింటివాళ్ళ పేర్లు తెలియవు. ఢిల్లీలో ఇరవై రెండేళ్ళు ఆమె చేసింది అదే పని. కరెంటు స్కూటరు మోటారులో ఉండే అయస్కాంతం ఏ మట్టిలోంచి వస్తుంది, ఎన్ని చేతులు మారుతుంది, మధ్యలో ఎవడైనా అడ్డం తిరిగితే మన గతేమిటి అని రిపోర్టులు రాసేది. అన్నిటి సారాంశం ఒక్కటే: ఒక్కరి మీదే ఆధారపడకండి. కమిటీలవాళ్ళు టీ తాగి, భేషుగ్గా ఉందని మెచ్చుకుని, వాటిని బీరువాలో పెట్టేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆమెనే అడగాలి.

ఆ రిపోర్టులన్నీ నిజంగా విన్న మనిషి ఒక్కడే, ఆమె అన్న ముస్తఫా. విజయవాడ ఆటోనగర్‌లో అతనిది వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుట్టేవాడు. ఆదివారం సెలవు కాబట్టి, ఆ పొద్దున ఫోన్లో ఆమె తన ఇంగ్లీషు రిపోర్టుని తెలుగు చేసి వినిపించేది. ఇంట్లో ఉర్దూయే అయినా, మోటార్ల మాట వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ తెలుగులోకి దిగిపోయేవారు. ముస్తఫాకి మొహమాటం లేదు. "అర్థం కాలా, మళ్ళీ చెప్పు" అనేవాడు. "ఊ, ఇప్పుడు బోధపడింది" అని అతను అన్నాకే రిపోర్టు పైకి వెళ్ళేది.

చివరికి అన్నకి దగ్గరగా ఉందామని ఉద్యోగం మానేసి, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్ తీసుకుంది. ఆరు నెలలు తిరక్కుండానే ముస్తఫా గుండెపోటుతో పోయాడు.

ఏడాదిన్నర గడిచాక బయటి దేశాల్నుంచి అయస్కాంతాలు రావడం ఆగింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, అప్పుడు ఢిల్లీకి ఫౌజియా గుర్తొచ్చింది. సోమవారానికల్లా రిపోర్టు కావాలన్నారు. ఈసారి తప్పకుండా చదువుతామన్నారు. రాయడమైతే రాసింది గానీ పంపడానికి చెయ్యి రాలేదు. బోధపడిందని చెప్పేవాడేడీ? గోడకి చదివి వినిపించింది. దిగులు ముంచుకొచ్చి మధ్యలోనే ఆపేసింది.

ఆదివారం పొద్దున్నే ఆటోనగర్ వెళ్ళింది. అన్న దగ్గర పదిహేనేళ్ళు పనిచేసి, ఇప్పుడు షాపు చూసుకుంటున్న దుర్గాప్రసాద్ ఆమె కోసం షట్టర్ సగం ఎత్తి, స్టూలు తుడిచి వేశాడు. ఆమె చదవసాగింది.

"బాగుందండి" అన్నాడతను. మరో పేజీ అయ్యాక "బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు. ఆ మర్యాదే ఆమె ప్రాణం తీసింది.

"దుర్గాప్రసాద్ గారూ, అర్థం కాకపోతే కాలేదనండి. మా భాయ్ అలాగే అనేవాడు."

అతను కాసేపు తల గోక్కున్నాడు. "ఒక్కటి అర్థం కాలేదండి. వేరేవాళ్ళని ముందే చూసుకోవాలంటున్నారు, బానే ఉంది. చూసుకోలేదనుకోండి. ఆ ఒక్కడూ లేకుండా పోతే అప్పుడేం చేస్తామండి?"

దేశం మొత్తానికీ జాగ్రత్తలు చెప్పిన మనిషి, గోడకి తగిలించి ఉన్న అన్న కళ్ళజోడు వైపు చూసింది.

"ఆగిపోతామండి" అంది మెల్లగా.

"వినపళ్ళేదండి, మళ్ళీ చెప్పండి" అన్నాడు దుర్గాప్రసాద్.

ఏడాదిన్నరగా ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది. తీరా విన్నాక, స్టూలు ముందుకి జరుపుకుని రిపోర్టు మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవసాగింది.